చికెన్ కాదు, చికున్

నా నోట్‌బుక్కులో మొదటి వరుస తప్పు. అది ఇలా ఉంటుంది: "1. ఆగస్టు 5, శనివారం. ఉదయం జ్వరం 100.4. కుడి మోకాలు వాపు." అందులోని అంకెలన్నీ సరైనవే. థర్మామీటర్ రెండుసార్లు పెట్టి చూసి రాశాను. తప్పేమిటంటే, అది మొదటి వరుస కాదు. దానికి ముందు ఇరవై రోజులున్నాయి, వాటిని నేను రాయలేదు. రాయనందుకు నెల రోజులు పోయాయి.

ఇది 2006 నాటి సంగతి. రాస్తున్నది రెండేళ్ళ తర్వాత. ఇప్పుడు బాగానే ఉన్నాను. పోయిన నెల మా కంపెనీలో ఒకాయన భార్యకు జ్వరం తగ్గిన పది రోజులకు చీలమండలు వాచాయి. ఆయన వచ్చి, నీకూ ఇలాగే అయింది కదా, ఏం చేశావని అడిగాడు. టీ తాగే పది నిమిషాల్లో చెప్పలేకపోయాను. వెనక చెప్పాల్సింది ముందు చెప్పాను, ఆయన ఇంకా కంగారు పడ్డాడు. అందుకే వరుసగా రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను, మెకానికల్ డిప్లొమా చదివినవాణ్ణి. నా మోకాలికి జరిగిందే అందరికీ జరుగుతుందని చెప్పడం లేదు.

అప్పట్లో నేను నాచారం పారిశ్రామికవాడలోని ఒక చిన్న కంపెనీలో క్వాలిటీ సెక్షన్ ట్రెయినీని. లేత్ మీద తయారై వచ్చిన షాఫ్టులు, బుష్‌లు కొలిచి, సరిపోయినవాటికి పచ్చ చీటీ, సరిపోనివాటికి ఎర్ర చీటీ కట్టాలి. ఎనిమిది గంటలూ నిలబడి చేసే పని. ట్రెయినింగ్ సెప్టెంబరు 30తో ముగుస్తుంది. ఆ రోజుకు పూర్తి షిఫ్టు చేయగలిగిన వాళ్ళనే పర్మనెంట్ చేస్తారు. మా ఇల్లు ఉప్పల్‌లో, చిలుకానగర్ వైపు, రెండు గదుల కిరాయి పోర్షన్. అమ్మ, నాన్న, నేను. నాన్న జనగామ వైపు నుంచి వచ్చి మౌలాలి దగ్గర ఒక వర్క్‌షాపులో ఫిట్టర్‌గా చేస్తున్నాడు.

ఆ వానాకాలం మా గల్లీలో నిటారుగా నడిచే మనిషి కనబడటం తగ్గిపోయింది. కిరాణా కొట్టాయన స్టూలు మీద నుంచి లేవకుండా, ఏ డబ్బా ఎక్కడుందో చెప్పి మనచేతే తీయించేవాడు. పాలు పోసే ఆమె క్యాన్ కింద పెడితే మళ్ళీ ఎత్తడానికి గోడ పట్టుకునేది. పొద్దున జ్వరం, సాయంత్రానికి మణికట్లు, వేళ్ళు, చీలమండలు, రెండు వైపులా ఒక్కసారే. ఆ జబ్బు పేరుకు వంగిపోవడం అనే అర్థం ఉందని పేపర్లో రాశారు. మా వాళ్ళు ఆ పేరును చెవికి ఎలా వినబడిందో అలాగే పట్టుకున్నారు: చికెన్ గున్యా. అంతకు కొన్ని నెలల ముందే కోళ్ళ జబ్బు వార్తలు వచ్చి ఉన్నాయి కాబట్టి అనుమానం ఇంకా గట్టిపడింది. గల్లీ మొగలో చికెన్ షాపాయన కత్తి పక్కన పెట్టి పేపరు చదువుకునేవాడు.

నేను ఆ పేరు మీద యుద్ధమే చేశాను. మా క్వాలిటీ మేనేజర్ మూర్తి గారిని అడిగి, కంప్యూటర్‌లో పెద్ద అక్షరాలతో ఒక కాగితం తయారుచేసి క్యాంటీన్ పక్కన నోటీసు బోర్డు మీద అంటించాను. "చికెన్ కాదు, చికున్. కోడికీ ఈ జబ్బుకీ సంబంధం లేదు. ఇది దోమ కాటు వల్ల వస్తుంది. ఇంటి చుట్టూ నీళ్ళు నిల్వ ఉంచకండి." ఇంట్లో కూడా అదే చెప్పాను. అమ్మ వినలేదు. కోడి తిన్నవాళ్ళకే వస్తోందని, తన కళ్ళతో చూస్తున్నానని అంది. మా ఇంటి ఓనరు గుడ్డు కూడా ముట్టడు, ఆయనకు ఎలా వచ్చిందని అడిగాను.

"ఆయన బయట తింటడు. నీకెర్క లేదు," అంది అమ్మ.

*

ఆగస్టు 5న నాకు జ్వరం, మోకాలి వాపు వచ్చినప్పుడు ఇంట్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు. అందరికీ వచ్చింది, నాకూ వచ్చింది. అమ్మ మాత్రం తడిగుడ్డ నుదుటి మీద వేస్తూ, నువ్వు కూడా తిన్నావు కదా బోనాలకు అని మొదలుపెట్టింది. నేను అక్కడే ఆపేశాను. ఆ భోజనం యాదన్న ఇంట్లో. యాదగిరి మా లైన్‌లో సీనియర్ లేత్ ఆపరేటర్, నాకు పని నేర్పినవాడు. జూలై 16, ఆదివారం, మౌలాలిలోని వాళ్ళింటికి బోనాల దావత్‌కు మా సెక్షన్‌లో ఆరుగురిని పిలిచాడు. అమ్మవారికి మొక్కి కోసిన కోడి. దాని వల్ల జబ్బు వచ్చిందనే మాట ఆయన చెవిన పడితే ఎలా ఉంటుందని అమ్మను అడిగాను. అమ్మ కూడా ఆ మాటకు జంకింది. చెంపలు వేసుకుని ఊరుకుంది. ఆ తర్వాత నెల రోజులు ఇంట్లో కోడి ఊసైతే వచ్చింది కానీ బోనాల ఊసు రాలేదు.

గల్లీ చివర క్లినిక్‌లో రెండు పొడుగాటి బెంచీలు ఉండేవి. రెండూ నిండిపోయి మెట్ల మీద కూడా జనం కూర్చునేవారు. అక్కడ ఎవరూ పెట్టకుండానే ఒక పద్ధతి ఏర్పడింది. ఎవరి నంబరు వస్తే, పక్కవాళ్ళు చంక కింద చెయ్యేసి లేపాలి. లేపినవాళ్ళకు ఆ బరువుతో తమ నొప్పి మళ్ళీ లేచేది. అయినా ఎవరూ లేపకుండా ఉండలేదు. నన్ను లేపినామె వయసు అరవై పైనే. తన వేళ్ళు ముడుచుకోవు కాబట్టి ముంజేత్తో లేపింది. "నువ్వు మంచిగ బరువున్నవ్ బిడ్డా, నా వంతు వచ్చినంక నన్ను నువ్వే లేపాలె," అంది. నేను లోపలికి పోయి వచ్చేసరికి ఆమె నంబరు వచ్చింది. లేపాను.

నేను కుర్చీలో కూర్చోకముందే డాక్టర్ "గున్యా" అన్నాడు. సూది, ఐదు రోజుల మాత్రలు. తప్పు ఆయనది అనను. ఆ గదిలో ఉన్నవాళ్ళందరికీ అదే. మా ఫ్యాక్టరీలోనూ ఇదే లెక్క. ఒక లాట్‌లోంచి కొన్ని పీసులు తీసి కొలుస్తాం. అన్నిట్లో ఒకే తప్పు కనబడితే లాట్ మొత్తానికి ఒకటే చీటీ కడతాం, మిగిలినవాటిని విడిగా చూడం. మా కాలనీ లాట్‌కు కట్టిన చీటీని నేను నా మోకాలికి కూడా కట్టుకున్నాను.

జ్వరం నాలుగు రోజుల్లో పోయింది. మోకాలు పోలేదు. దర్జీ టేపు తీసుకుని రోజూ పొద్దున ఆరున్నరకు రెండు మోకాళ్ళ చుట్టుకొలత తీసేవాణ్ణి. మూడుసార్లు కొలిచి సగటు రాసేవాణ్ణి. ఆగస్టు 12: ఎడమ 36, కుడి 41.5 సెంటీమీటర్లు. అమ్మకు ఆ టేపు చూస్తేనే చిరాకు.

"కొలిస్తె తగ్గుతదా? దానికేమన్న అంగీ కుట్టిస్తవా?"

అమ్మ దారి అమ్మది. వావిలాకు మరిగించిన నీళ్ళు పోసేది, ఆముదం రాసేది. వేడి హాయిగా ఉండేది. రుద్దితే మాత్రం రాత్రంతా సలిపేది. నేను రుద్దొద్దంటే ఆమెకు కోపం, ఏమీ చేయనివ్వడం లేదని.

ఆగస్టు పదిహేను దాటేసరికి గల్లీలో చాలామంది పనులకు పోవడం మొదలుపెట్టారు. నొప్పులున్నా నడుస్తున్నారు. నాకు కొత్తవి వచ్చాయి. ఎడమ చీలమండ వాచింది. కుడి పాదం రెండో వేలు మొదలూ చివరా తేడా లేకుండా ఒకే లావుగా ఉబ్బింది. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమ కింద మేకు దిగినట్టు ఉండేది. పది అడుగులు పోయాక కాస్త సర్దుకునేది. నోట్‌బుక్కులో ఆ పేజీ ఇప్పటికీ ఉంది. మిగతావాళ్ళకూ నాకూ తేడాలు అని రాసి, కింద నాలుగు వరుసలు: చేతులు అస్సలు నొప్పి లేవు. రెండు కాళ్ళకు ఒకేలా లేదు. మడమ. వేలు. ఇన్ని తేడాలు రాసి కూడా కింద "గున్యా, కొంచెం ఎక్కువ" అని రాసుకున్నాను. కొలత సరిపోకపోతే పీసును అనుమానించాలి, ముందు కట్టిన చీటీని కూడా అనుమానించాలి. అది చేయలేదు.

అన్నిటికంటే కష్టమైనది బాత్రూం. మాది నేల మీద కూర్చునేది. మోకాలు వంగదు. మొదటి రెండు రోజులు ఎలా గడిచాయో రాయను. మూడో రోజు సాయంత్రం నాన్న వర్క్‌షాపు నుంచి వస్తూ ఒక పాత ప్లాస్టిక్ కుర్చీ తెచ్చాడు. సీటు మధ్యలో గుండ్రంగా కోసి ఉంది. కోసిన అంచు చేతికి గీసుకోకుండా చుట్టూ ఆకురాయితో రుద్ది, దాని మీద సైకిలు ట్యూబు చీల్చి అంటించాడు. కుర్చీ కాళ్ళు సరిగ్గా ఎక్కడ ఆనాలో బాత్రూం గచ్చు మీద సుద్దతో గుర్తులు పెట్టాడు. నాకు కొలిచే అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ గుర్తులు చూశాక అర్థమైంది.

అదే నాన్న వారం తర్వాత, ఇంగ్లీషు మందులు మానేసి ఎక్కడో పసరు పోసేవాడి దగ్గరికి పోదామన్నాడు. అమ్మ వద్దంది. ఇద్దరూ రెండు రోజులు నా ద్వారానే మాట్లాడుకున్నారు. మీ నాయినకు అన్నం పెట్టిన్నని చెప్పు, మీ అమ్మకు ఆకలి లేదని చెప్పు. ఆరడుగుల దూరంలో కూర్చున్న మనుషులకు నేను వార్తలు చేరవేశాను.

*

ఆగస్టు 20, ఆదివారం, పెద్దమ్మ చూడటానికి వచ్చింది. అమ్మకు అక్క. ఆమె చేతివేళ్ళు పదీ చిటికెనవేలి వైపు వాలిపోయి ఉంటాయి. గ్లాసును రెండు అరచేతుల మధ్య ఇరికించి తాగుతుంది. నా చిన్నప్పటి నుంచీ అలాగే చూశాను కాబట్టి ఎప్పుడూ దాని గురించి ఆలోచించలేదు. ఆ రోజు ఆమె నా మంచం పక్కన కూర్చుని, రెండు చేతులూ నా మోకాలి పక్కన పెట్టింది.

"నాకు గూడ మొదలు మోకాలే బిడ్డా. తర్వాత ఒక్కొక్కటి," అంది.

భయపెట్టాలని అనలేదు. నీకు తోడు నేనున్నానని చెప్పడానికే అంది. కానీ ఆమె పోయాక నేను నా వేళ్ళు చాచి చూసుకున్నాను. మైక్రోమీటర్ పట్టుకునే వేళ్ళు. అప్పటిదాకా నా ప్రశ్న ఎప్పుడు తగ్గుతుందని. ఆ రోజు నుంచి అసలు తగ్గే జబ్బేనా అన్నది ప్రశ్న. నోట్‌బుక్కులో చేతివేళ్ళకు కొత్త గడి గీశాను. రోజూ "లేదు" అని రాసేవాణ్ణి. ఆ మాట రాయడానికి పొద్దున లేచేవాణ్ణి అన్నా తప్పు లేదు.

ఆ వారంలోనే మూర్తి గారు ఫోన్ చేశారు. ఆయనది గుంటూరు వైపు, మెత్తగా మాట్లాడతారు.

"మిగతా వాళ్ళంతా పదిహేను రోజుల్లో వచ్చేశారయ్యా. నీది మూడో వారం. పైవాళ్ళు అడుగుతున్నారు. సెప్టెంబరు ముప్పయ్యో తారీకులోపు రాగలవా?"

తెలియదు సార్ అన్నాను. రాలేకపోతే నన్ను వచ్చే బ్యాచ్‌లో చూడాల్సి ఉంటుందని, అంటే మళ్ళీ ఏడాది ట్రెయినీగానే అని చెప్పారు. ఆ వెంటనే, తన తల్లికి కీళ్ళు చూసిన డాక్టర్ ఒకరు ఏఎస్ రావు నగర్‌లో వారానికి రెండు రోజులు కూర్చుంటారని అడ్రసు రాసుకోమన్నారు. జబ్బు పేరు, తగ్గుతుందో లేదో, ఎవరైనా స్పష్టంగా రాసిస్తే పైవాళ్ళతో తాను మాట్లాడతానన్నారు.

*

సెప్టెంబరు 4, సోమవారం. నాన్న సెలవు పెట్టాడు. ముగ్గురం ఆటోలో పోయాం. నాచారంలో ఆటో సరిగ్గా మా కంపెనీ గేటు ముందే ట్రాఫిక్‌లో ఆగింది. టీ టైము. గేటు దగ్గర నా తోటి ట్రెయినీలు నిలబడి ఉన్నారు. నేను సీటులో కిందికి జారి కూర్చున్నాను. ఏం తప్పు చేశానని దాక్కున్నానో ఇప్పటికీ తెలియదు.

క్లినిక్ మొదటి అంతస్తులో. కీళ్ళ డాక్టర్ దగ్గరికి ఇన్ని మెట్లెందుకని పైకి ఎక్కినవాళ్ళంతా ఒకసారి అనేవారట. రిసెప్షన్‌లో ఉన్నామె అందుకే పై మెట్టు దగ్గర ఒక కుర్చీ వేయించింది. ఎవరు ఎక్కి వచ్చినా ముందు అందులో కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఆ తర్వాతే పేరు అడిగేది.

డాక్టర్ నా నోట్‌బుక్కు తీసుకుని మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివారు. అంతవరకు ఎవరూ చదవలేదు. నాకు లోపల గర్వంగానే ఉంది.

"ఇంత శ్రద్ధగా రాశారు, బాగుంది. జూలై ఏది?" అన్నారు.

ఆగస్టు ఐదునే మొదలైంది సార్ అన్నాను.

అప్పుడు అమ్మ స్టూలు మీద ముందుకు జరిగింది. "సారు, ఒక్క మాట. కోడికూర తిన్నడు సారు. నేను మొదటిసంది గదే జెప్తున్న. ఇంటలేడు."

నేను అడ్డం పడ్డాను. "పేరు విని అలా అనుకుంటోంది సార్. కోడికీ దీనికీ..."

"మీరు కాసేపు ఆగండి. ఎప్పుడు తిన్నాడమ్మా?"

అమ్మ నా వైపు ఒకసారి చూసింది. చెప్పొద్దని నేను కళ్ళతోనే అన్నాను. ఆమె చెప్పింది. "బోనాలకు సారు. తినొచ్చిన తెల్లారి నుంచి మూడు దినాలు ఇల్లు కదల్లే. ఒక్కటే పోవుడు. మజ్జిగన్నమే పెట్టిన."

మూడు రోజులు ఏమైందని డాక్టర్ నన్ను అడిగారు. చెప్పాను. నీళ్ళ విరేచనాలు, కడుపులో మెలిపెట్టే నొప్పి, రెండో రోజు కొంచెం రక్తం. మెడికల్ షాపులో మాత్రలు అడిగి తెచ్చుకుని వేసుకున్నాను. నాలుగో రోజు డ్యూటీకి పోయాను. ఎందుకు రాయలేదని అడిగారు.

"అది వేరే జబ్బు సార్. తగ్గిపోయింది."

"తగ్గిపోయింది కాబట్టే అడుగుతున్నాను. ఆ తర్వాత కళ్ళు ఏమైనా ఎర్రబడ్డాయా?"

జూలై చివరలో రెండు కళ్ళూ ఎర్రబడి నాలుగు రోజులు మంట పెట్టాయి. మెషిన్ల మీద పోసే కూలెంట్ నూనె తుంపర పడి ఉంటుందనుకుని చుక్కల మందు వేసుకున్నాను. అది కూడా రాయలేదు. నేను ఔనన్నాక అమ్మ ఆ డాక్టర్‌ను చెయ్యి చూసి జాతకం చెప్పేవాణ్ణి చూసినట్టు చూసింది.

ఆయన అప్పుడు చెప్పినది నాకు గుర్తున్నంత వరకు ఇది. ఒక జబ్బు తగ్గాక కీళ్ళు వాయడానికి కారణాలు చాలా ఉంటాయి. ఈ ఏడు ఎక్కువగా చూస్తున్నది చికున్ గున్యా. గొంతు నొప్పి వచ్చి తగ్గాక కొందరు పిల్లలకు, యువకులకు కీళ్ళు వాస్తాయి, దానితో గుండెకు కూడా ఇబ్బంది రావచ్చు. కీలులోకే క్రిమి చేరితే అది అన్నిటికన్నా తొందరపడాల్సిన సంగతి. పెద్దమ్మకు వచ్చినటువంటిది వేరే, అది ఎక్కువగా రెండు చేతుల వేళ్ళను పట్టుకుంటుంది. ఇవి కాక, కడుపులో వచ్చిన ఇన్ఫెక్షన్ తగ్గాక, రెండు నుంచి నాలుగు వారాలకు, శరీరం దాని మీద చేసిన పోరాటం ఆగక కీళ్ళ మీద పడేది ఒకటుంది. మోకాలు, చీలమండ, మడమ, ఒకే లావుగా ఉబ్బే వేలు, కళ్ళు, ఇవన్నీ దాని వైపు చూపిస్తున్నాయని, అయినా పరీక్షలు చేయకుండా ఖాయంగా అననని చెప్పారు.

మోకాల్లోంచి సూదితో నీరు తీశారు. పసుపు పచ్చగా, ఇరానీ టీ కప్పు నిండేంత. తీసిన మరుక్షణం మోకాలు తేలికైంది. నాన్న గది బయట నిలబడి నా నోట్‌బుక్కును ఛాతీకి అదిమి పట్టుకుని ఉన్నాడు.

మూడు రోజులకు రిపోర్టులు వచ్చాయి. నీటిలో క్రిమి లేదు. మిగతా పరీక్షలు కూడా డాక్టర్ అనుమానానికి తగినట్టే ఉన్నాయి. రియాక్టివ్ ఆర్థరైటిస్ అని రాశారు. పెద్దమ్మ జబ్బు కాదని తన నమ్మకమని చెప్పారు. ఎక్కువ మందికి కొన్ని నెలల్లో తగ్గుతుంది, కొందరికి ఏడాది పడుతుంది, కొద్దిమందికి మళ్ళీ వస్తుంది. నేను ఎవరిలో పడతానో ఈరోజే చెప్పలేనన్నారు. సెప్టెంబరు ముప్పై గురించి అడిగాను. ఆ తారీకుకు మాట ఇవ్వనన్నారు. సర్టిఫికెట్‌లో మాత్రం పేరు, కారణం, తగ్గే అవకాశం, మూడు వాక్యాల్లో స్పష్టంగా రాసిచ్చారు.

మెట్లు దిగుతూ అమ్మ ఒక్కో మెట్టుకు ఆగి నాకు భుజం ఇచ్చింది. సగం దిగాక అంది: "మరి నేనేమన్న?"

నా కాగితం ప్రకారం ఆమె చెప్పింది తప్పు. నా మోకాలి ప్రకారం ఆమె చెప్పిందే నిజం. కారణాన్ని తప్పుగా పట్టుకున్నా జరిగింది జరిగినట్టు చెప్పింది అమ్మ. నేను కారణం తెలుసుననే నమ్మకంతో జరిగిందాన్ని కొట్టేశాను.

*

ఇక యాదన్నకు చెప్పాలి. అదే భోజనం తిన్నవాళ్ళకు ఎవరికైనా ఇలా అయిందేమో కనుక్కోమని డాక్టర్ అన్నారు. సెప్టెంబరు 10, ఆదివారం, ఆయనే బత్తాయిలు పట్టుకుని నన్ను చూడటానికి వచ్చాడు. అమ్మ టీ ఇచ్చి, ఎప్పుడూ లేనిది, తలుపు దగ్గరికి వేసి బయట కూర్చుంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక, రిపోర్టు చదివినట్టు చదివాను. జూలై 16 భోజనం, 17 నుంచి విరేచనాలు, ఇరవై రోజులకు మోకాలు. తప్పు పట్టడానికి చెప్పడం లేదన్నా అని కూడా కలిపాను.

యాదన్న బత్తాయి ఒలుస్తున్న చెయ్యి ఆపాడు.

"మా ఇంట్ల గూడ అందరికి పోయింది తమ్మీ. అత్తమ్మకు సెలైన్ ఎక్కిచ్చినం. మీరెవ్వలు అనకపోతిరి. మాకే అయ్యిందనుకున్న."

"నువ్వెందుకు చెప్పలేదన్నా?"

"అమ్మవారి పేరు మీద వండింది. ఎట్ల జెప్త? పిలిచి పెట్టి, మీ కడుపులు మంచిగున్నయా అని అడగాల్నా?"

ఆ రోజు ఏం జరిగిందో అప్పుడు చెప్పాడు. జనం ఎక్కువని తెల్లవారుజామునే కూర వండి డేక్షాలో మూతపెట్టారు. బోనం గుడికి పోయి వచ్చేసరికి మూడున్నర. కరెంటు లేదు, వాన ముసురు. మళ్ళీ వేడి చేద్దామంటే పొయ్యి దగ్గర అన్నం ఉడుకుతోంది. అందరూ ఆకలి మీద ఉన్నారని అలాగే వడ్డించారు. మరునాడు కంపెనీలో యాదన్న ఒక్కొక్కరినీ భోజనం బాగుందా అని అడిగాడు. ఒక్కొక్కరం బాగుందన్నాం. నేను నాలుగో రోజు పోయి చెప్పాను, మస్తుంది అన్నా అని. తర్వాత కనుక్కుంటే ఆరుగురిలో నలుగురికి కడుపు పాడైంది. నలుగురూ ఎవరికీ చెప్పలేదు. కీళ్ళ దాకా వచ్చింది నాకొక్కడికే.

పోయేముందు యాదన్న నా మోకాలి మీద చెయ్యి పెట్టి తీశాడు. "జర ముందుగాల జెప్తె ఏమైతుండె తమ్మీ," అన్నాడు. ఆ మాట నాతో అన్నాడో తనతో అనుకున్నాడో చెప్పలేను.

*

సెప్టెంబరు 30న చేతికర్రతో కంపెనీకి పోయాను. ఎనిమిది గంటలు నిలబడలేకపోయాను. రెండు గంటల నలభై నిమిషాలు నిలబడ్డాను. మూర్తి గారు గడియారం చూడనట్టే చూశారు. తర్వాత సర్టిఫికెట్ పట్టుకుని పైకి పోయి, ఇరవై నిమిషాల తర్వాత వచ్చారు. ట్రెయినింగ్ మూడు నెలలు పొడిగించారు.

"తగ్గుతుందని రాసి ఉంది కాబట్టి ఒప్పుకున్నారు. గున్యా అని ఉంటే ఇంకా ఎందుకు తగ్గలేదని అడిగేవాళ్ళు," అన్నారు.

నవంబరు నుంచి కూర్చుని గేజ్‌లు సరిచూసే పని ఇచ్చారు. వాపు మందులు, ఫిజియోథెరపీ, రోజూ పొద్దున తొడ కండరానికి వ్యాయామం. డిసెంబరు 30న పూర్తి షిఫ్టు నిలబడ్డాను, పర్మనెంట్ చేశారు. కుడి మోకాలు 36.5 దగ్గర ఆగింది. ఎడమతో అర సెంటీమీటరు తేడా ఇప్పటికీ ఉంది. మడమ నొప్పి ఎండాకాలం దాకా పోలేదు. చేతివేళ్ళ గడిలో చివరి దాకా "లేదు" అనే ఉంది.

నోటీసు బోర్డు మీద నా కాగితం అప్పటికీ ఉంది. అంచులు పసుపెక్కాయి. నా కథ లైన్‌లో అందరికీ తెలిసిపోయింది కాబట్టి దాని ముందు నిలబడి నవ్వేవాళ్ళు. తీసేద్దామనుకున్నాను. కానీ అందులో రాసింది తప్పు కాదు. పెన్ను తీసి కింద ఒక వాక్యం రాశాను: "కీళ్ళు వాస్తే, అంతకు ముందు నెలలో ఏ జబ్బు వచ్చి తగ్గినా డాక్టర్‌కు చెప్పండి. సిగ్గుపడేదైనా సరే." ఈ కాగితాలన్నిట్లో నేను ఎవరికైనా చెప్పగలిగింది అదొక్కటే.

ఇంటికి వచ్చి నోట్‌బుక్కులో మొదటి వరుస పైన ఖాళీ ఉంటే సున్నా వేసి జూలై 16 రాశాను. ఒకటిని కొట్టేయలేదు.

మరుసటి ఏడు బోనాలకు యాదన్న మళ్ళీ పిలిచాడు. ఆ ఆరుగురినే. ఈసారి అమ్మను, నాన్నను కూడా. బోనం తిరిగి వచ్చాకే పొయ్యి వెలిగించారు. అందరం ఆకలితో రెండు గంటలు కూర్చున్నాం, ఒక్కరూ తొందరపెట్టలేదు. విస్తర్లు వేశాక నాకోసం కుర్చీ తెచ్చారు. వద్దని గోడ పట్టుకుని మెల్లగా దిగి, కాళ్ళు మడిచి సక్లముక్లం పెట్టుకుని నేల మీద కూర్చున్నాను. కుడి మోకాలు నేలకు ఆనలేదు, కొంచెం పైకే ఉంది.

యాదన్న డేక్షా మూత తీశాడు. ఆవిరి ఆయన ముఖానికి కొట్టింది. గరిట అందులోనే పెట్టి నా వైపు తిరిగాడు.

"పుస్తకం తెచ్చినవా తమ్మీ? రాస్కో. ఐదు గంటల పది నిమిషాలకు పొయ్యి మీదికెల్లి దించిన. ఇప్పుడు ఐదుంబావు. ఇంక మీ అమ్మను అడుగు, వెయ్యాల్నా వద్దా."

అందరూ అమ్మ వైపు చూశారు. అమ్మ డేక్షా దాకా పోయి, వంగి, లోపలికి చూసింది.

"ఎయ్యి," అంది.